తీగ పాతబడితేనేం?

పాట వినగానే మనం మెచ్చుకునేది గొంతును. ఆ తరువాత వేణువునో, వయొలిన్‌నో. అడుగున దుం దుం అంటూ నడిచే బేస్ గిటార్‌ని ఎవరు పట్టించుకుంటారు? పునాదిలాగా అది ఉన్నట్టే తెలియదు. తీసేస్తే మాత్రం పాట బోసిపోతుంది. అలాంటి వాయిద్యానికి ఏ తీగ కట్టాలనే విషయం మీద దశాబ్దాలుగా తగవు నడుస్తోందంటే నమ్ముతారా?

వీణ నేర్చుకున్నవారికి ఇది తేలిగ్గానే బోధపడుతుంది. మంద్ర, అనుమంద్ర తీగల మీద సన్నని లోహపు తీగ చుట్టి ఉంటుంది కదా! వేలు జార్చితే ఆ చుట్లు జర్రుమంటాయి. బేస్ తీగలూ అంతే. పైన చుట్టింది గుండ్రటి తీగ అయితే గరుకుగా ఉండి, ధ్వని కంగుమని చాలాసేపు నిలుస్తుంది. అది రౌండ్‌వౌండ్. రిబ్బనులాంటి బల్లపరుపు తీగ చుడితే నున్నగా ఉండి, నాదం మెత్తగా, లోతుగా పలికి త్వరగా ఆగుతుంది. అది ఫ్లాట్‌వౌండ్.

1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను తయారుచేశాడు. అంతవరకూ మనిషంత ఎత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరిగేవారు. దాని మెత్తని నాదానికి అలవాటుపడ్డ చెవులాయె, మొదట్లో అందరూ నున్నని తీగలే కట్టారు.

అలా డబుల్ బేస్ నుంచి వచ్చినవాడే జేమ్స్ జేమర్సన్. 1936లో పుట్టిన ఈ నల్లజాతి కళాకారుడు డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించేవాడు. 1964లో వచ్చిన ‘మై గర్ల్’ పాట మొదలయ్యేది ఆయన తీగతోనే. వాయించేది ఒక్క చూపుడు వేలుతో! తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. పట్టిన జిడ్డులోనే నాదం ఉందని ఆయన నమ్మకం. వాడి వాడి నున్నబడ్డ అట్లపెనాన్ని బరబరా తోమితే మనం ఊరుకుంటామా? అలాగే ఇదీ.

ఇంత చేసినా రికార్డుల అట్టల మీద ఆయన పేరుండేది కాదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీద గాని అచ్చు కాలేదు.

ఈలోగా కాలం మారింది. 1966లో ఇంగ్లండులో ‘ది హూ’ బృందపు జాన్ ఎంట్విజిల్, రోటోసౌండ్ కంపెనీవారితో కలిసి పియానోలా ఖంగుమనే గరుకు తీగల్ని రూపొందించాడు. లోకం ఆ మోత వెంట పడింది. 1972లో మోటౌన్ లాస్ ఏంజెలస్‌కి తరలిపోయింది. వెనకాలే జేమర్సన్ కూడా వెళ్ళాడు. అక్కడివారికి కొత్త తీగలూ, కొత్త పద్ధతులూ కావాలి. ఆయనేమో మారడు. తాగుడూ తోడయింది. పిలుపులు తగ్గిపోయాయి. 1983లో మోటౌన్ పాతికేళ్ళ పండగ జరిగితే, ఆయన టిక్కెట్టు కొనుక్కుని ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. ఆ ఆగస్టులోనే పోయాడు. నలభై ఏడేళ్ళు.

2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని గుర్తించింది. పోయాక పదిహేడేళ్ళకి!

మరి ఏ తీగ మంచిది? మోత ముందుకు రావాలంటే గరుకుది, పాటను కింద నుంచి మోయాలంటే నున్ననిది. రెండూ బజారులో ఉన్నాయి. జేమర్సన్ వాడిన లావుపాటి లా బెల్లా తీగల్ని ఇప్పుడు ఆయన పేరుతోనే అమ్ముతున్నారు. పిల్లలు వాటిని కొత్తవి కొనుక్కుని, ఎప్పుడు పాతబడతాయా అని ఎదురుచూస్తున్నారు!