రాయవేలూరు చెరసాల

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వం మా నగరి, రాయవేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. ఆ వేలూరు చెరసాలలోనే గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు శిక్ష అనుభవించారు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో తిరునల్వేలి కాల్పులను నిరసించిన సంపాదకీయమే ఆయన నేరం. 124ఎ సెక్షన్ క్రింద రాజద్రోహమన్నారు. మూడేళ్ళ శిక్ష. కాళ్ళకు సంకెళ్ళు, మట్టి మూకుడులో కూడు. బందిపోటుకు చేసే మర్యాదే సంపాదకునికీ చేశారన్నమాట!

దొరలు పోయారు, సెక్షన్ ఉండిపోయింది. 2022లో సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ‘రాజద్రోహం’ అన్న మాట లేదు. ప్రభుత్వంపై ద్వేషం అన్నచోట దేశ సమగ్రతకు ముప్పు అని మార్చారు. కాని ఆ 152వ సెక్షన్‌ను నిదానంగా చదవండి. నోటిమాట, వ్రాత, సంజ్ఞల సరసన గాడిచర్ల వారి నాడు లేని ఎలక్ట్రానిక్ సందేశం కూడా చేరింది. శిక్ష యావజ్జీవం దాకా ఉంది.