పెట్టెలోని దరువు

1948వ సంవత్సరమున అమెరికాలోని కాపిటల్ కంపెనీ ‘లవర్’ అను గ్రామఫోను రికార్డును విడుదల చేసినప్పుడు, అందు ఏకకాలమున వినవచ్చిన ఎనిమిది గిటారులను ఎనమండుగురు వాయించలేదనియు, హాలీవుడ్‌లోని తన ఇంటి మోటారు షెడ్డునే స్టూడియోగా మార్చుకొనిన లెస్ పాల్ ఒక్కడే, ఒక డిస్కుపై వాయించినదానిని మరియొక డిస్కుపైకి ఎక్కించుచు, దానితో కలిసి మరల వాయించుచు, పొరపై పొరగా పేర్చినాడనియు తెలిసి జనులు విస్తుపోయిరి. ఇంటిలో కూర్చుండియే తన్ను తాను ఒక బృందముగా పెంచుకొనవచ్చునన్న ఆశ గిటారు పట్టిన ప్రతివానికిని నాటినుండి కలిగినదన్నను తప్పులేదు. అయితే ఆ ఆశకు ఒక హద్దు కలదు. గిటారు మంచముపై కూర్చుండి, ఇరుగుపొరుగుల నిద్ర చెడకుండ సాధించుకొనదగిన వాద్యము. డ్రమ్ముల సంగతి అట్టిది కాదు. వానికి ఒక గది కావలెను, గదికి మందమైన గోడలు కావలెను, కిక్కు అను కాలి డ్రమ్మునకొకటి, స్నేరు అను తీగల డ్రమ్మునకొకటి, తాళపు పళ్ళెములకు రెండు చొప్పున మైకులు కావలెను, అన్నిటికంటె ముఖ్యముగా రెండు చేతులను రెండు కాళ్ళను నాలుగు త్రోవల నడిపింపగల మనిషి కావలెను. గిటారు వాయించువానికి లయజ్ఞానము ఎంత ఉన్నను ఆ విద్య వేరొక జన్మపు విద్య. ఆ మనిషి లేని లోటును పెట్టెలతో పూడ్చుకొనుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రమే ఈ వ్యాసమునకు విషయము.

ఆ ప్రయత్నములు మొదటినుండియు రెండు దారుల నడిచినవి. మనిషి కొట్టిన దెబ్బను పట్టి దాచుకొని మరల వినిపించుట ఒక దారి. మనిషితో పనిలేక విద్యుత్తుతోనే దెబ్బవంటి ధ్వనిని పుట్టించుట రెండవది. కాలిఫోర్నియాలో హ్యారీ చాంబర్లిన్ 1949 ప్రాంతమున నిర్మించిన ‘రిథమేట్’ మొదటి దారికి చెందినది. నిజమైన డ్రమ్మరు వాయించిన నడకలను టేపుపై ఎక్కించి, ఆ టేపు కొసలను అతికి వలయములుగా చేసి తిప్పుటయే అందలి కిటుకు. పదేండ్ల తరువాత, 1959లో, వుర్లిట్జర్ కంపెనీవారు తెచ్చిన ‘సైడ్‌మన్’ రెండవ దారిది. అందు మోటారుతో తిరుగు ఒక చక్రమును, ఆ చక్రముపై వలయములుగా అమర్చిన లోహపు స్పర్శస్థానములును ఉండెను. చక్రము తిరుగుచు ఒక్కొక్క స్థానమును తాకినపుడెల్ల వాక్యూమ్ ట్యూబులు ఒక్కొక్క ధ్వనిని వెలువరించెడివి. ఫాక్స్‌ట్రాట్, వాల్ట్జ్ మొదలుగా పండ్రెండు నడకలు. వేగమును హెచ్చించుటకు తగ్గించుటకు ఒక మీట. అమెరికా సంగీతకారుల సంఘము దీనిపై అభ్యంతరము తెలిపెను. ఆ అభ్యంతరమును పాతకాలపు చాదస్తమని కొట్టివేయువారు ఉన్నారు గాని, రాత్రి క్లబ్బులో ఆర్గను వాయించువాని ప్రక్కన కూర్చుండి కూలి సంపాదించుకొనుచున్న డ్రమ్మరు, తన కుర్చీ ఉండవలసిన చోట ఒక చెక్కపెట్టె వచ్చి నిలిచినప్పుడు మరేమి చేయవలెను?

జపానులో ఇకుతారో కకెహాషి నడిపిన ఏస్ టోన్ కంపెనీ ట్యూబుల స్థానమున ట్రాన్సిస్టర్లు పెట్టి, 1967లో ‘రిథమ్ ఏస్’ అను చిన్నపెట్టెను చేసెను. అది ఆర్గనుల కడుపులోనికిని చేరెను. ఆ కకెహాషియే 1972లో రోలాండ్ కంపెనీని స్థాపించెను. వారి పెట్టెల పేర్లు నాటి గిటారు వాద్యకులకు కంఠస్థములే అయినను, వాని ధ్వని మాత్రము డబ్బామీద గోటితో కొట్టినట్లుండెను గాని డ్రమ్ములవలె లేదు.

ఈ చరిత్రలో నేను తీరికగా నిలిచి చూడదలచిన ఘట్టము రోజర్ లిన్‌ది. ఏలయనగా ఆయనయు తన ఇంటిలో పాటలు రికార్డు చేసికొనుచుండిన గిటారు వాద్యకుడే. సొంత పాటలకు డ్రమ్మరు దొరకక, దొరికిన పెట్టెల ధ్వని నచ్చక, నిజమైన డ్రమ్ముల ధ్వనినే అంకెలుగా మార్చి కంప్యూటరు చిప్పులలో దాచిన నేమి అని ఆయన తలపోసెను. ఆ తలపు ఫలితమే 1980లో వెలువడిన ఎల్ఎమ్-1. అందలి ధ్వనులు నిజమైన వాద్యములపై మనిషి కొట్టిన దెబ్బలు. వానిలో అనేకము ఆర్ట్ వుడ్ అను డ్రమ్మరు చేతివి. చాంబర్లిన్ విడిచిన త్రోవ అట్లు ముప్పది ఏండ్లకు మరల దొరికినది. వెల సుమారు 5,000 డాలర్లు. అంతటి యంత్రములో ఒక లోటు మిగిలిపోయెను: దానిలో సింబల్ అను పెద్ద తాళపు పళ్ళెములు లేవు. స్నేరుదెబ్బ క్షణములో అణగును. సింబల్ మ్రోత కొన్ని సెకండ్లపాటు సాగుచు సన్నగిలును. అంతసేపు సాగు మ్రోతను దాచుటకు కావలసినంత మెమరీ నాటి ధరలకు అందనిది. కావున ఆ యంత్రముతో పాట కట్టినవారు సింబల్‌ను విడిగా మనిషిచేత వాయించి చేర్చుకొనుచుండిరి.

అదే సంవత్సరమున రోలాండ్ వారి టిఆర్-808 రెండవ దారిని పట్టి వెలువడెను. అందు మనిషి దెబ్బ ఒక్కటియు లేదు, అంతయు సర్క్యూట్ల సృష్టి. వెల మాత్రము ఎల్ఎమ్-1 వెలలో నాలుగవ వంతునకు దగ్గర. డ్రమ్ములవలె లేదని పలువురు పెదవి విరిచిరి. మూడేండ్లలో తయారీ ఆగిపోయెను. పిమ్మట ఆ ‘లేకపోవుట’యే దాని సొగసై, హిప్-హాప్ సంగీతమునకు అది గుండెచప్పుడైనది. మన దేశమునను బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలలో గిటారు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ఆ యంత్రము తోడుగా హిందూస్థానీ రాగములను వాయించి ‘టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అను రికార్డు చేసెను. నాడు దానిని పట్టించుకొన్నవారు అరుదు. ఇరువదేండ్లు దాటిన పిదప దేశదేశములవారు వెదకి వెదకి వినిరి. మన తెలుగు ఊళ్ళలో పెళ్ళిపందిళ్ళయందును వినాయకచవితి పందిళ్ళయందును పాడు ఆర్కెస్ట్రాలకు వేరొక పనిముట్టు వచ్చినది. అది 1985లో రోలాండ్ వారే తెచ్చిన ఆక్టాప్యాడ్. ఎనిమిది రబ్బరు పలకలపై పుల్లలతో కొట్టినచో కోరిన వాద్యము పలుకును. ‘ప్యాడ్స్ వాయించే అబ్బాయి’ అను ఉద్యోగమే మనకు దానితో పుట్టినది. అందు యంత్రమున్నను, కొట్టు చేయి సభ యెదుటనే ఉన్నది. అందుచేత నాకది మిక్కిలి గౌరవనీయముగా తోచును.

పాటను ఇంటిలో రికార్డు చేసికొను పని 1979లో టాస్కామ్ వారి పోర్టాస్టూడియో వచ్చుటతో సులభమైనది; మామూలు క్యాసెట్టుపై నాలుగు ట్రాకులు. 1983లో మిడి అను ఉమ్మడి భాష ఏర్పడినది. ఏ దెబ్బ, ఎప్పుడు, ఎంత బలముతో అను సంగతిని ఒక యంత్రము మరియొక యంత్రమునకు దానితో చెప్పును. బలమునకు 1 నుండి 127 వరకు మెట్లు. 1996లో స్టైన్‌బెర్గ్ కంపెనీ, ధ్వనియంత్రములను కంప్యూటరు ప్రోగ్రాములుగా నడుపు విఎస్‌టి అను పద్ధతిని ప్రకటించుటతో పెట్టెలన్నియు క్రమముగా కంప్యూటరు తెరలోనికి చేరినవి.

తెరలోనికి చేరిన తరువాత తెలిసివచ్చిన సంగతి యేమనగా, ఒక డ్రమ్మునకు ఒక ధ్వని అనునది లేదు. మృదంగము నేర్చినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ‘తక’లోని ‘త’ ఏ రెండు మారులును ఒక్కతీరుగా పలుకదని గురువు మొదటి పాఠమునాడే చూపును. కంప్యూటరు మాత్రము ఒకే దెబ్బను దాచి దానినే మరల మరల వినిపించుచు, వేగమైన వరుసలు వచ్చినచోట మరతుపాకి ప్రేలినట్లు వినిపించుచుండెను. దానికి విరుగుడు ఒక్కటే: ఒకే స్నేరును మెత్తగా, కొంచెము గట్టిగా, మరికొంచెము గట్టిగా, ఒక్కొక్క బలమున పలుమారులు కొట్టించి, ప్రతిదెబ్బను దగ్గరి మైకుతోను, తలపైనున్న మైకుతోను, గది మూలనున్న మైకుతోను వేరువేరుగా పట్టి, వంతులవారీగా వినిపించుట. స్వీడన్‌లోని టూన్‌ట్రాక్ సంస్థ, మెషుగా బృందపు డ్రమ్మరు తోమస్ హాకెను కూర్చుండబెట్టి ఈ త్రోవనే ‘డ్రమ్‌కిట్ ఫ్రమ్ హెల్’ను తయారుచేసెను. 2003లో లండనులోని ఎఫ్ఎక్స్‌పాన్షన్ వారి బిఎఫ్‌డి, 2006లో టూన్‌ట్రాక్ వారిదే ఈజీడ్రమ్మర్ వచ్చినవి. ఇంటి గిటారువానికి డ్రమ్మరు దొరికినది అప్పుడే.

హాకె విషయములో ఒక విచిత్రము జరిగినది. 2005లో మెషుగా బృందము ‘క్యాచ్ థర్టీత్రీ’ అను ఆల్బమును చేసినప్పుడు, డ్రమ్ములను ఆయన కూర్చుండి వాయించలేదు. ఆ డ్రమ్‌కిట్‌లోని దెబ్బలనే కంప్యూటరులో కూర్చిరి. యంత్రము మనిషి స్థానమును ఆక్రమించినదని 1959నాటి సంఘమువారు వాపోయిరి గదా. ఇచ్చట ఆక్రమించినదియు ఆక్రమింపబడినదియు ఒక్క మనిషి చేతులే!

ధ్వని కుదిరినను నడక కుదురుట వేరు. మా అన్నగారి అబ్బాయి విజయవాడలో అపార్టుమెంటు గదిలో గిటారు రికార్డు చేసికొనును. ఒకనాటి రాత్రి నేను ప్రక్కన కూర్చుండగా వాడు తెరపై గళ్ళలో దరువును అమర్చుచుండెను. ప్రతి దెబ్బను గడి అంచునకు సరిగా చేర్చి, బలమంతయు నూటికి పైగా పెట్టినప్పుడు గడియారపు ముల్లు నడచినట్లుండెను. పిమ్మట రెండవ నాల్గవ అక్షరములపైనున్న స్నేరును రవంత వెనుకకు జరిపి, నడుమ ముప్పది మెట్టుకంటె తక్కువ బలమున వినీవినబడని దెబ్బలు చల్లి, హై-హ్యాట్టు అను జంట పళ్ళెముల దెబ్బలను ఒకటి గట్టిగా ఒకటి మెత్తగా మార్చెను. ‘బాబాయ్, వీటిని దెయ్యం దెబ్బలంటారు, విను’ అని వినిపించెను. పాట కూర్చుండి ఊపిరి పీల్చినట్లనిపించినది. ‘మానవీకరణ’ మీట నొక్కినచో యంత్రమే దెబ్బలను ఇటునటు జరుపును గదా అని నేనడిగితిని. అది త్రాగినవాని నడకవలె ఉండునని వాడనెను. వాని చెవి చెప్పినది నిజము. 2011లో జర్మనీలోని గాటింగెన్ పరిశోధకులు ప్రకటించినది ఇదియే: మనిషి లయలోని మిల్లీసెకండ్ల తేడాలు గుడ్డిగా చల్లినవి కావు, ఇప్పటి తేడాకు ఎంతో వెనుకటి తేడాలతో సంబంధముండును. మన పెద్దలు నడక అను మాట ఊరక పెట్టలేదు. ఒక అడుగు తూలినచో తరువాతి అడుగులు దానిని మోయవలసినదే.

ఆ రాత్రి చివరగా వాడు గిటారును నిలిపి, ఒక్క దెయ్యపు దెబ్బను మాత్రమే విడిగా, ధ్వనిని బాగుగా హెచ్చించి, ఇయర్‌ఫోన్లలో నాకు వినిపించెను. పుల్ల కొస తోలును తాకిన చిన్న చప్పుడు, దాని క్రింద స్నేరు తీగల సన్నని బుసబుస, దానికిని వెనుక ఏదో దేశములోని ఏదో గది యొక్క నిశ్శబ్దము. ఆ చేయి ఎవరిదని అడిగితిని. వాడు వెదకి, సాఫ్ట్‌వేరు వెంట వచ్చిన పత్రపు చివరి పుటలో సన్నని అక్షరములలోనున్న డ్రమ్మరు పేరును చూపెను. పాట పూర్తియైన తరువాత దాని క్రింద గిటారు అని తన పేరు వ్రాసికొని, డ్రమ్ములు అనుచోట ఆ పేరును వ్రాసెను.