మూసీ పుట్టిన దారిలో మొరం బాటలు

మన కూకట్‌పల్లి నుంచి అనంతగిరి కొండలకు డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. కారులో వెళ్లేవారికి అది రెండు, మూడు గంటల తారురోడ్డు. సైకిలు మీద, అదీ తారు వదిలి మొరం బాటలు పట్టి వెళ్లేవారికి మాత్రం మూసీ లోయ వెంట ఎగువకు సాగే ఒక రోజు ప్రయాణం. నాలుగేళ్లుగా చలికాలం ఆదివారాల్లో ఆ దారులు తొక్కుతున్నాను. తొక్కేకొద్దీ ఒక ప్రశ్న వెంటాడింది. కోటి మంది ఉన్న నగరం ఇంత దగ్గరలో పెట్టుకుని, గండిపేట దాటగానే ఇన్ని మట్టి బాటలు ఎలా మిగిలాయి? మనం చదువుకునే రోజుల్లో కూకట్‌పల్లిలోనే బాంబే హైవే దిగితే మట్టి దారులు ఉండేవి. అద్దె సైకిలు తీసుకుని హైదర్‌నగర్ వైపు, మాదాపూర్ గుట్టల వైపు వెళ్లిన బ్యాచీలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్క బాటా ఇప్పుడు లేదు. అటు పోయినవి ఇటు ఎందుకు పోలేదు?

దానికి జవాబు 1908లో ఉంది.

ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి మనం సోషల్ పాఠంలో నాలుగు వాక్యాలు చదువుకున్నాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారన్నది అందరికీ గుర్తుండే సంగతి. చనిపోయినవారు పదిహేను వేలని సాధారణంగా చెబుతారు. ఇంజనీరుగా నన్ను ఆపింది మాత్రం ఎగువ లెక్క. శంషాబాద్ వర్షమాపక కేంద్రంలో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన నమోదైంది. నగరానికి ఎగువన 860 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులుండేవి. అంటే సుమారుగా మైలుకో చెరువు. వాటిలో 221 తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే ఆ నీళ్లన్నీ కిందిదాని మీద పడతాయి, అదీ తెగుతుంది. నగరాన్ని ముంచింది ఒక్క వానే కాదు, వరసగా తెగిన కట్టలు కూడా.

నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. అప్పటికాయన బొంబాయి సర్వీసు వదిలి యూరప్ పర్యటనలో ఉన్నారు. 1909లో వచ్చి ఈ లెక్కలన్నీ కట్టి, నగరంలో గోడలు లేపితే సరిపోదు, నీటిని పైనే ఆపాలి అన్నారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవే తర్వాత నగరానికి తాగునీళ్లిచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడనే మాట మన ఇళ్లలో వినని వారుండరు.

తాగే నీళ్లు కాబట్టి కాపలా కావలసి వచ్చింది. 1996 మార్చి 8న వచ్చిన 111 నంబరు జీవో ఆ కాపలా. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదని, భూమిలో 90 శాతం వ్యవసాయం, పచ్చదనం కిందే ఉండాలని అది చెప్పింది. ఆ హద్దులో నూనె ఫ్యాక్టరీ పెట్టబోయిన ఒక కంపెనీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 డిసెంబరులో కోర్టు జలాశయాల పక్షానే నిలిచింది.

మరో వైపు 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ఒకదాని వెంట ఒకటి ఎలా మారాయో మనకు వేరే చెప్పక్కర్లేదు. మనలో సగం మంది జీతాలు అక్కడి నుంచే వచ్చాయి, నావి కూడా. ఆ పరుగు నీటి అంచు దాకా వచ్చి నెమ్మదించింది. ఆగిపోయిందనను. ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, గోడలు కట్టిన తోటలు జీవో కింద కూడా లేచాయి. అయినా శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల మధ్య పొలాల నడుమ బండ్ల బాటలు, చెరువు కట్టల మీది దారులు బతికే ఉన్నాయి. నేను తొక్కే దారి పటాన్ని 84 గ్రామాల పటం మీద పెట్టి చూశాను. మట్టి దారుల్లో చాలా భాగం ఆ హద్దులోనే పడ్డాయి.

ఇక దారి సంగతి. ఈ రకం సైకిలు తొక్కడాన్ని గ్రావెల్ రైడింగ్ అంటున్నారు. పేరు కొత్తది, పని పాతది. 1955లోనే ఇంగ్లండ్‌లో రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అని సైకిళ్లవాళ్ల సంఘం ఒకటి కొండ దారుల కోసమే ఏర్పడింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని మట్టి రోడ్ల మీద 2006లో మొదలైన రెండు వందల మైళ్ల పందెం దీనికి ఊపు తెచ్చింది. 2022లో ఇటలీలో ప్రపంచ పోటీలే జరిగాయి. సైకిలు చూడ్డానికి రేసు సైకిలులాగే ఉంటుంది. టైర్లు మాత్రం 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వెడల్పుండి, గాలి తక్కువ పెట్టుకోవడానికి వీలుగా ఉంటాయి. లక్షలు పోయక్కర్లేదు. మన నాన్నల అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్లు పాలక్యాన్లు మోస్తూ తిరిగినవి ఇవే దారులు.

కూకట్‌పల్లి నుంచి వెళ్లేటప్పుడు కొల్లూరు దగ్గర ఔటర్ పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఎక్కవచ్చు. 2023లో ప్రారంభించిన ఇది రెండు పాయలూ కలిపి 23 కిలోమీటర్లు. ట్రాక్ దిగి గండిపేట వైపు తిరిగాక టైరు కింద నేల మాట్లాడటం మొదలుపెడుతుంది. మొదట మన కూకట్‌పల్లి గుట్టల గ్రానైటే, అరిగి గరుకు ఇసుకైంది. మలుపుల్లో జారుతుంది, వాన పడ్డా ఇబ్బంది లేదు. శంకర్‌పల్లి, చేవెళ్ల దాటేసరికి నల్లరేగడి. దక్కన్ లావా అరిగి అయిన మట్టి అది. ఎండాకాలం సిమెంటులా గట్టి. నాలుగు చినుకులు పడితే ఉబ్బి చక్రానికీ ఫ్రేముకూ మధ్య ముద్దలా పట్టేస్తుంది, సైకిలు భుజాన వేసుకోవాల్సిందే. చేవెళ్ల దారిలో తారు రోడ్డు మీదే కొంతదూరం వెళ్లక తప్పదు గానీ, బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల నీడ ఆ కష్టం తీరుస్తుంది. దాదాపు తొమ్మిది వందల చెట్లు. రోడ్డు వెడల్పు కోసం వాటి ప్రాణాల మీదికి వచ్చి, విషయం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది.

మన్నెగూడ దాటి వికారాబాద్ వైపు ఎక్కుతుంటే నేల ఎర్రబడుతుంది. అసలైన మొరం ఇది, లాటరైట్. బుకానన్ అనే ఆయన కేరళలో అంగాడిపురం దగ్గర ఇలాంటి రాయిని ఇటుకల్లా కోసుకోవడం చూసి, లాటిన్‌లో ఇటుకకున్న మాటతో 1807లో ఆ పేరు పెట్టాడు. తడిగా తవ్వితే మెత్తన, గాలి తగిలి ఆరితే గట్టి. అందుకే వేయకుండానే వేసిన రోడ్డులా ఉంటుంది. మూసీ అనంతగిరిలో పుట్టడానికీ ఇదే కారణమని నా లెక్క. బొరియలున్న లాటరైట్ వాన నీటిని పీల్చుకుంటుంది, కింద లావా రాయి దాన్ని ఇంకా దిగనివ్వదు, నీరు పక్కకు ఊటలై వస్తుంది.

అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర అడవి చిక్కబడుతుంది. నిజాం కాలపు క్షయ శానటోరియం ఈ గాలి కోసమే ఇక్కడికి వచ్చింది. వికారాబాద్ పేరు ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన నిజాం రైలు మార్గం ఇక్కడి నుంచే పోతుంది. గుట్ట మీద నిలబడితే రెండు నదుల నీళ్లు విడిపోయే చోట ఉన్నట్టు. తూర్పు వైపు పడ్డ చినుకు మూసీలో కలిసి, మన నగరం మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో చేరుతుంది. పడమట పడ్డది కోట్‌పల్లి వైపు జారి, కాగ్నాలో, భీమాలో కలిసి, అదీ చివరికి కృష్ణలోకే వస్తుంది. మన కూకట్‌పల్లి నాలా కూడా హుస్సేన్‌సాగర్ మీదుగా మూసీలోకే పోతుంది. ఏం మోసుకుపోతుందో మీకు తెలుసు.

ఇప్పుడు ఆ కాపలా సంగతి. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో, నీటి నాణ్యత కాపాడాలన్న షరతులతో, 111 ఆంక్షలను ఎత్తివేశారు. వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. నగరం తాగేది ఇప్పుడు ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్లు. మొయినాబాద్ రైతు తన పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తాను పాతికేళ్లు ఎందుకు ఆగాలని అడిగితే, కోకాపేట ఆఫీసుల్లో బతికిన నా దగ్గర నిలబడే జవాబు లేదు. కానీ జీవోకు తాగునీరు ఒక్కటే కారణమైనా, జలాశయాలకు అది ఒక్కటే పని కాదు. వాటిని కట్టింది వరద కోసం. పొలాలు పీల్చే వానను కాంక్రీటు పీల్చదు, అది వెంటనే కిందికి పరుగెడుతుంది. ఆ 788 చెరువుల్లో ఎన్ని ఇంకా నీరు పడతాయో తేల్చకుండా ఎగువన ఇళ్లకు అనుమతులిస్తే విశ్వేశ్వరయ్య లెక్క తారుమారవుతుంది. రైతుకు పరిహారం నగరం ఇవ్వాలి, భూమి తెరవడం పరిహారం కాదు అన్నది నా అభిప్రాయం. పూడూరు దగ్గర దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళం కమ్యూనికేషన్ కేంద్రానికి వెళ్లాయి, 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ అవసరాన్ని కాదనను. మూసీకి నీరిచ్చే అడవుల్లో అదీ ఒకటని స్థానికులు మొత్తుకున్న మాటను మాత్రం ఎవరూ సరిగా విన్నట్టు లేదు.

మొయినాబాద్ పక్క బాటల్లో ఈమధ్య కొత్త రకం మొరం కనిపిస్తోంది. రోలరు తొక్కినది, నలభై అడుగుల వెడల్పు, రెండు వైపులా సున్నం రాళ్లు, మొదట్లో వెంచర్ కమాను. సైకిలుకు అంత నున్నటి దారి ఇంకోటి లేదు, వచ్చే ఏడాదికి అది తారు అవుతుంది. వెళ్లాలనుకునే బ్యాచీలు నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. నల్లరేగడి అప్పటికి ఆరి ఉంటుంది, అనంతగిరిలో మోదుగలు ఫిబ్రవరిలో పూస్తాయి.