మట్టి మిద్దె చల్లదనం

హంపి శిథిలాల్లో ఒక సన్నని కాలువకు రెండు పక్కలా రాతి పళ్లాలు బారులు తీరి ఉంటాయి. అన్నానికి పెద్ద గుంట, కూరలకూ పచ్చళ్లకూ చిన్న గుంటలు రాతిలోనే చెక్కారు. పక్కనే పారే నీళ్లతో కడిగేసుకోవచ్చు. దాన్ని భోజనశాల అంటారు. అక్కడికి దగ్గర్లోనే, రాచవీడు ఆవరణలోకి రాతి కంబాల మీదుగా నీళ్లు తెచ్చిన కాలువ, 1980లలో తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు కనిపిస్తాయి. 2021 దాకా బళ్లారి జిల్లాలోనే ఉన్న ఈ ఊరిలో ఎండను నీటితోనే ఎదుర్కొన్నారు.

తిండిలోనూ అదే జాగ్రత్త. ఇక్కడి నుంచే ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వేసవి విందు గురించి రాశాడు. ఆ కావ్యంలోని విష్ణుచిత్తుడు అతిథులకు ముందు చందనం పూసి, నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, ఎళనీళ్లు, వడపిందెలు, నీరుమజ్జిగ పెడతాడు. కథాస్థలం శ్రీవిల్లిపుత్తూరు. అయినా ఆ అంబలీ, ఆ మజ్జిగా బళ్లారి పల్లెలకు ఇప్పటికీ ఇంటి తిండే. చెమటతో పోయే నీరు, ఉప్పు రెండూ వాటితో తిరిగి వస్తాయి. వైద్యులు ఇవాళ చెప్పేదీ అదే.

రాజుల సంగతి సరే, పేదవాడిని కాపాడింది మిద్దె. రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, ఆకూ అలమూ, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. తడిసిన చౌడు మెత్తబడి సందులు పూడ్చేస్తుంది కాబట్టి వాన లోపలికి దిగదు. అంత మందం దాటి మధ్యాహ్నపు వేడి ఇంట్లోకి చేరేసరికి పొద్దు వాలిపోతుంది. వెలుతురుకూ గాలికీ కప్పులో ఒక గవాక్షం ఉంటుంది. రాత్రయితే పడక మిద్దె మీదే. ఈ సీమలో గాలి పొడిగా ఉండటం వల్ల కుండలో నీళ్లు కూడా ఇట్టే చల్లబడతాయి.

1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా చీలి, ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, మిగతా బళ్లారి మైసూరుకూ వెళ్లాయి. మిద్దెలు మాత్రం సరిహద్దుకు రెండు వైపులా ఒకటే తీరు.

తర్వాత సిమెంటు వచ్చింది. ఏటా చౌడు పోసే శ్రమ తప్పింది, ముసురు పట్టినప్పుడు కప్పు కూలుతుందన్న భయమూ పోయింది. ఆ మార్పును తప్పుపట్టలేం. కానీ పలుచని శ్లాబు పగలంతా వేడెక్కి, రాత్రి ఆ వేడిని ఇంట్లోకే వదులుతుంది. రేకుల కప్పయితే మరీ ఘోరం, కూలినాలి చేసుకునేవాళ్లు ఉండేది ఎక్కువగా దాని కిందే. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కప్పులే దాని ఆయువుపట్టు. శ్లాబు ఉన్నవాళ్లు వేసవికి ముందే పైన సున్నం కొట్టించుకోవాలి. గట్టి మిద్దె ఉన్నవాళ్లు దాన్ని పడగొట్టే ముందు ఒక్కసారి ఆలోచించాలి.