బుకర్ ప్రైజు: బిట్టులో చెప్పని చరిత్ర

పోస్టు పొడుగ్గా ఉంటది. తీరికగా ఉన్నప్పుడే చదవండి, కానీ చివరిదాకా చదవండి.

మేము చిల్లకూరు వాళ్ళం, యానాదులం. హాస్టల్లో ఉండి డిగ్రీ చదవతా ఉండాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రాత్రి అన్నం తిన్నాక రూములో కూర్చుంటే ఒకరు బిట్లు అడుగుతారు, మిగతావాళ్ళం జవాబు చెప్తాం. కానిస్టేబులైనా, గ్రూప్స్ అయినా, ఏ పరీక్షలోనైనా అవార్డుల మీద ఒక బిట్టు ఖాయం గదా.

"1997 బుకర్?" "అరుంధతీ రాయ్."
"2008?" "అరవింద్ అడిగ."
"2025 ఇంటర్నేషనల్ బుకర్?" "బాను ముష్తాక్."

టకటకా చెప్పేస్తాం. ఒక రాత్రి మాలో ఒకడు అడిగాడు, "ఒరే, ఇంతకీ బుకర్ అంటే ఎవురురా?" అని. ఎవరికీ తెలీదు. నోబెల్ అంటే డైనమైటు కనిపెట్టినాయన అని తెలుసు. బుకర్ అంటే బుక్కులోంచి వచ్చిన పేరేమో అనుకున్నాం. వెతికి చదివితే తేలింది వేరే. బుకర్ అనేది ఒక చక్కెర కంపెనీ పేరు.

అప్పటినుంచి ఒక నోటుబుక్కులో రెండు గళ్ళు గీసుకున్నాం. ఎడమ పక్క ఈ బహుమతి చరిత్రలో ముఖ్యమైన సంవత్సరాలు, కుడి పక్క అదే కాలంలో మన వైపు జరిగింది. ఆ నోటుబుక్కులో ఉన్నదే ఈ పోస్టు.

చక్కెర తోటలు

దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున గయానా అనే చిన్న దేశం ఉంది. అప్పట్లో అది బ్రిటిషువాళ్ళ కింద ఉండేది. 1815లో ఇంగ్లండు నుంచి జోసియాస్ బుకర్ అనే ఆయన అక్కడి డెమరారా ప్రాంతానికి వెళ్ళాడు. తర్వాత అన్నదమ్ములు కూడా కలిశారు. తోటలు, ఓడలు, దుకాణాలు, అన్నీ పెట్టుకుంటూ పోయారు. ఆ తోటల్లో పని చేసింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు.

1834లో బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం కూడా ఇచ్చారు. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు. "మీ ఆస్తి పోయింది గదా, ఇదిగో డబ్బు" అని. పేరుకు రద్దయినా ఇంకొన్నేళ్ళు పాత యజమాని దగ్గరే పని చెయ్యాలన్నారు. 1838లో అదీ అయిపోయింది. నల్లజాతి కూలీలు తోటలు వదిలి పోతుంటే యజమానులు కొత్త కూలీల కోసం చూశారు. అదే సంవత్సరం మన దేశం నుంచి మొదటి ఓడలు అక్కడికి చేరాయి.

1838 నుంచి 1917 దాకా దాదాపు 2,39,000 మంది భారతీయులు కూలి ఒప్పందాల మీద గయానా వెళ్ళారు. ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్ వైపు నుంచి కలకత్తాలో ఓడ ఎక్కినవాళ్ళు. కొంతమంది మద్రాసు రేవులో ఎక్కారు. వాళ్ళల్లో తమిళులూ ఉన్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒప్పందం ఐదేళ్ళకు. ఈ లోపు పని మానేసినా, పాసు లేకుండా తోట దాటినా జైలు.

ఈ ముక్క చదివినప్పుడు రూములో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలోనో, రొయ్యల గుంటల కాపలాలోనో ఇల్లు ఇల్లంతా ఇరుక్కుపోవడం అంటే ఏందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తీరని బాకీ కింద పిల్లోడిని బడి మాన్పించడం మా వాడల్లో చూసిందే.

ఇరవయ్యో శతాబ్దానికి బుకర్ కంపెనీ ఎంత పెద్దదయ్యిందంటే, బ్రిటిష్ గయానాను జనం "బుకర్ల గయానా" అని ఎగతాళిగా పిలిచేవాళ్ళు. 1966లో గయానాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1976లో ఆ దేశ ప్రభుత్వం బుకర్ తోటల్ని జాతీయం చేసింది. మా నోటుబుక్కులో 1976కు కుడి పక్క ఏముందో తెలుసా? మన దేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. అక్కడ తోటలు చేతులు మారిన ఏడాదే ఇక్కడ వెట్టి నేరమని చట్టం చెప్పింది.

బహుమతి ఎట్లా పుట్టింది

1960లలో ఈ కంపెనీ ఇంకో వ్యాపారంలోకి దిగింది. పేరున్న రచయితల కాపీరైట్లు కొనడం. జేమ్స్ బాండ్ కథలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్, డిటెక్టివ్ నవలల అగాథా క్రిస్టీ, వీళ్ళ హక్కుల్లో వాటా కొన్నది. పుస్తకాల మీద ఇంత సంపాదిస్తున్నప్పుడు పుస్తకాలకు కొంత తిరిగి ఇవ్వచ్చు గదా అని టామ్ మాష్లర్ అనే లండన్ ప్రచురణకర్త ఒప్పించాడు. 1969లో మొదటి బహుమతి పి.హెచ్. న్యూబీకి ఇచ్చారు. 5,000 పౌండ్లు.

1969కి మా కుడి గడిలో శ్రీహరికోట ఉంది. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని ఎంచుకున్నది ఆ సంవత్సరమే. తరతరాలుగా అక్కడ అడవిని, పులికాట్ ఉప్పు నీళ్ళను నమ్ముకుని బతికిన యానాది కుటుంబాలు చాలా చోటు వదలాల్సి వచ్చింది. ఈ సంగతికి మళ్ళీ వస్తాం.

1971లో బహుమతి వి.ఎస్. నైపాల్‌కు వచ్చింది. పరీక్షల్లో "భారత సంతతి రచయిత" అని ఒక్క మాటతో సరిపెడతారు. ఆయన పుట్టింది ట్రినిడాడ్‌లో. ఆయన పెద్దలు కూలి ఒప్పందం మీద అక్కడికి చేరినవాళ్ళు. చక్కెర కంపెనీ డబ్బుతో ఇచ్చే బహుమతి, చక్కెర తోటల కోసం ఓడలెక్కిన వాళ్ళ మనవడికి.

ఆ మరుసటి ఏడాది, 1972లో, జాన్ బెర్జర్ అనే ఇంగ్లీషు రచయిత గెలిచాడు. పుస్తకం పేరు 'జి'. వేదిక ఎక్కి థాంక్స్ చెప్పి దిగిపోలేదు. ఈ డబ్బు కరీబియన్ ప్రాంతంలో నూట ముప్పై ఏళ్ళుగా సాగిన దోపిడీలోంచి వచ్చిందని, ఈ రోజు అక్కడి పేదరికానికి అదే కారణమని, ఇచ్చినవాళ్ళ ముందే చెప్పాడు. సగం డబ్బు లండన్‌లోని నల్లజాతి ఉద్యమకారులు బ్లాక్ పాంథర్లకు ఇచ్చేశాడు. మిగతా సగం యూరప్‌లో వలస కూలీల మీద రాయబోయే పుస్తకానికి ఉంచుకున్నాడు. ఆ పుస్తకం 'ఎ సెవెంత్ మ్యాన్' 1975లో వచ్చింది.

ఆయన బహుమతిని వద్దనలేదు. తీసుకున్నాడు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాడు, ఎక్కడికి పోవాలో అక్కడికి పంపాడు. రిజర్వేషన్ మీద సీటు వచ్చినప్పుడు మనకు తల దించుకోమని చెప్పేవాళ్ళు ఉంటారు. అట్లాంటప్పుడు బెర్జర్ గుర్తుకు రావాలని మా రూములో అనుకున్నాం. తీసుకోవడం తప్పు కాదు. ఎవరి కష్టం మీద వచ్చిందో మర్చిపోవడం తప్పు.

మాటను ఎగతాళి చేసినప్పుడు

గెలిచినవాళ్ళందరి జాబితా ఇక్కడ రాయం, అది గైడుల్లో ఉంది. మాకు బాగా దగ్గరైన ఇద్దరి గురించి మాత్రం చెప్తాం.

1985లో గెలిచిన కెరీ హ్యూమ్‌ది న్యూజీలాండ్. ఆమె పెద్దల్లో తెల్లవాళ్ళూ ఉన్నారు, అక్కడి ఆదివాసులైన మావోరీలూ ఉన్నారు. తనను తాను మావోరీగా చెప్పుకుంది. లా చదువు మధ్యలో ఆపేసింది. పొగాకు కోతకు కూలికి పోయింది, ఉత్తరాలు పంచింది. ఒకారిటో అనే చిన్న సముద్రపు పల్లెలో సొంతంగా ఇల్లు కట్టుకుని, సన్న చేపలు పట్టుకుంటూ బతికింది. 'ది బోన్ పీపుల్' నవలను పెద్ద ప్రచురణకర్తలు వద్దన్నారు, మార్చమన్నారు. ఆమె మార్చలేదు. చివరికి స్పైరల్ అనే ఆడవాళ్ళ చిన్న బృందం 1984లో అచ్చు వేసింది. మరుసటి ఏడాది బుకర్. లండన్ సభకు ఆమె రాలేదు. ఆమె బదులు స్పైరల్ ఆడవాళ్ళు వెళ్ళి, మావోరీ పద్ధతిలో గొంతెత్తి పిలుపు ఇస్తూ వేదిక మీదికి నడిచారు. పీతలు, చేపలు పట్టే చేతులు నవల కూడా రాయగలవని మాకు తెలిసింది ఈమె వల్లే.

రెండో ఆయన జేమ్స్ కెల్మన్, 1994. స్కాట్లండులో గ్లాస్గో నగరపు పేదల వాడ. 15 ఏళ్ళకే బడి మానేశాడు, బస్సు నడిపాడు. నవలంతా ఆ వాడ మాటలోనే రాశాడు, బూతులతో సహా. న్యాయనిర్ణేతల్లో ఒకరు ఇది సిగ్గుచేటని బయటికే అన్నారు. పత్రికలు ఇది భాషేనా అన్నాయి. కెల్మన్ తన ప్రసంగంలో చెప్పింది ఒక్కటే: నా సంస్కృతికి, నా భాషకు బతికే హక్కు ఉంది.

మాది తెలుగే. అయినా క్లాసులో నోరు తెరిస్తే వెనక బెంచీ నుంచి నవ్వు వినపడిన రోజులు ఉన్నాయి. "ఆడికి పోయినాం" అంటే "అక్కడికి వెళ్ళాము" అని దిద్దుతారు. దిద్దడం మంచికే కావచ్చు. కానీ అట్లా దిద్దించుకుని దిద్దించుకుని చెయ్యి ఎత్తడమే మానేసిన పిల్లలు మా హాస్టల్లో ఉండారు. వాళ్ళకు కెల్మన్ సంగతి చెప్పాం.

అనువాదాల తలుపు

బుకర్ ఇంగ్లీషులో రాసినవాళ్ళకే. మొదట్లో బ్రిటను, ఐర్లండు, కామన్వెల్తు దేశాలవాళ్ళే అర్హులు. 2014 నుంచి ఏ దేశం వాళ్ళైనా సరే, పుస్తకం బ్రిటన్‌లో గానీ ఐర్లండులో గానీ అచ్చయితే చాలు. 2005లో ఇంటర్నేషనల్ బుకర్ మొదలైంది. 2016 నుంచి ఏటా ఒక అనువాద పుస్తకానికి ఇస్తున్నారు. 50,000 పౌండ్లు రచయితకూ అనువాదకులకూ సరి సగం. మనం జాబితాలో అనువాదకుల పేరు బట్టీ పట్టం గానీ, డబ్బులో సగం వాళ్ళదే.

2022లో గీతాంజలి శ్రీ హిందీ నవలకు, డైసీ రాక్‌వెల్ అనువాదానికి వచ్చింది. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ 'హార్ట్ ల్యాంప్'కు, అనువాదకురాలు దీపా భాస్తికి వచ్చింది. బాను ముష్తాక్‌ది హాసన్, లాయరు. ముస్లిం ఇళ్ళల్లో ఆడవాళ్ళ బతుకు మీద ముప్పై ఏళ్ళకు పైగా రాసిన వాటిల్లోంచి 12 కథలు. ఈ బహుమతి ఒక కథల పుస్తకానికి రావడం అదే మొదటిసారి.

పక్క రాష్ట్రం దాకా వచ్చింది, తెలుగుకు ఇంకా రాలేదు. అయితే తెలుగు కథ ప్రపంచ వేదిక ఎక్కలేదని కాదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీ పెడితే, పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు రెండో బహుమతి వచ్చింది. ఒక రైలు ప్రయాణం, నియమాలు పెట్టుకుని బతికే ఒక పెద్దమనిషి, బిచ్చమెత్తుకునే ఒక ఆడమనిషి, ఒక తుఫాను రాత్రి. బయట జనం ఆమెకు ఏ పేరైనా పెట్టచ్చు, కథ మాత్రం ఆమెను మనిషిగా చూస్తుంది.

1952కి మా కుడి గడి చూడండి. పుట్టుకతోనే కొన్ని కులాలు, తెగలు దొంగలు అని ముద్ర వేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. మద్రాసు రాష్ట్రంలో అంతకు ముందే, 1947లో తీసేశారు. నెల్లూరు వైపు యానాదుల పేరు కూడా ఆ జాబితాకు ఎక్కింది. చట్టం పోయింది. ఊళ్ళో ఏదన్నా పోతే ముందు మన గుడిసెల వైపు చూసే చూపు పోవడానికి ఇంకా టైం పడతా ఉంది.

మన గురించి ఎవరు రాశారు

మన గురించి పుస్తకాలు లేవని కాదు. బ్రిటిషు కాలంలో థర్స్టన్ రాశాడు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసమే జీవితమంతా పని చేసి, 1962లో 'ది యానాదీస్' అని ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఆయన రుణం తీరేది కాదు. కానీ మన పెద్దల్లో ఎంతమంది దాన్ని చదవగలిగారు?

2024లో ఒక మంచి కబురు వచ్చింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన రమేష్ కార్తీక్ నాయక్ అన్నకు 'ఢావ్లో' కథల పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఢావ్లో అంటే బంజారా ఆడవాళ్ళు దుఃఖంలో పాడే పాట. తండా గురించి తండా బిడ్డే రాశాడు, తమ మాట పేరునే పుస్తకానికి పెట్టాడు. ఇది బుకర్ కాదు, కానీ మాకు బుకర్ కన్నా దగ్గర.

ఇప్పుడు శ్రీహరికోటకు వస్తాం. మాలో ఒకరి అవ్వ ఆ దీవిలో పుట్టింది. చదువు లేదు. ఏ తిథికి నీళ్ళు ఎంత ఎక్కుతాయో, ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తదో చెప్తది. దీవి వదిలిన రోజు సంగతి కూడా చెప్తది. రాకెట్ పోయినప్పుడల్లా బయటికి వచ్చి ఆకాశం చూస్తది, ఏమీ అనదు. ఈమధ్య కొన్ని పేర్లు మర్చిపోతా ఉంది. అందుకే సెలవులకు పోయినప్పుడు ఆమె చెప్పింది రాసుకోవడం మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు పేజీలు అయింది. రాసేటప్పుడు గొడవ కూడా అయింది. ఆమె "ఆడ మాకు అన్నీ ఉండె" అంటే, "అక్కడ మాకు అన్నీ ఉండేవి" అని రాయాలని ఒకరు, కాదు ఆమె చెప్పినట్టే రాయాలని ఇంకొకరు. చివరికి "ఆడ" అనే ఉంచాం.

మీలో కోయ, కొండరెడ్డి, సవర, ఎరుకల, లంబాడీ, చెంచు, అందరూ ఉండారు. ఈ సెలవుల్లో మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఒక్క పేజీ రాసి ఈ గ్రూపులో పెట్టండి. తప్పులు ఉన్నా పర్వాలేదు, వాళ్ళు ఎట్లా చెప్పారో అట్లాగే పెట్టండి. అవ్వ మాటల్లో మొదటి పేజీ వచ్చే ఆదివారం మేము పెడతాం. ఎవరూ నవ్వబాకండి.