పక్కవాద్యం కాని పియానో

వయొలిన్ అనగానే మనకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు గుర్తొస్తారు. పక్కవాద్యాన్ని ముందుకు తెచ్చి సోలో కచేరీలు చేసిన మనిషి. ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే బోస్టన్‌లో ఇంకో కథ దొరికింది నాకు.

ఏమీ బీచ్ చిన్న వయసులోనే పేరు తెచ్చుకున్న పియానిస్టు. 1885లో, 18 ఏళ్లకి, తనకంటే 24 ఏళ్లు పెద్దవాడైన డాక్టరుతో పెళ్లయింది. ఆయన కచేరీలు బాగా తగ్గించుకోమన్నారు, సంగీతం రాయడాన్ని మాత్రం ప్రోత్సహించారు. ఆవిడ పుస్తకాలు ముందేసుకుని ఆ విద్య సొంతంగా నేర్చుకున్నారు.

1896లో వయొలిన్, పియానోలకు ఏ మైనర్ సొనాటా రాశారు. 1897 జనవరిలో బోస్టన్‌లో తొలి కచేరీ. వయొలిన్ ఫ్రాంజ్ క్నైసెల్, పియానో ఆవిడే. ఆ కాలపు సొనాటాల్లో పియానో పక్కవాద్యం కాదు. ఒకరు ఎత్తుకున్నది రెండోవాళ్లు అందుకోవాలి, ఇద్దరూ సమానమే. 1899లో తెరెసా కరేన్యో, కార్ల్ హలీర్ దాన్ని బెర్లిన్‌లో కూడా వాయించారు.

కానీ అచ్చులో పేరు చూడండి: మిసెస్ ఎచ్. ఎచ్. ఎ. బీచ్. ఆ ఇనిషియల్స్ అన్నీ భర్తవే! 1910లో ఆయన పోయారు. మరుసటి ఏడు ఆవిడ యూరప్ వెళ్లి మళ్లీ కచేరీల బాట పట్టారు.

ఎపిసోడ్ వినేటప్పుడు కాసేపు వయొలిన్‌ని పక్కనపెట్టి పియానో మీదే చెవి పెట్టండి. అది ఆవిడ తను వాయించుకోడానికి రాసుకున్న భాగం.