చాపకూడు: పల్నాటి వీరాచారంలో సమతాస్మృతి

సంప్రదాయ పరిరక్షణ జాతి పురోగతికి తోడ్పడుతుందన్న వాదం ఆఫ్రికా దేశాల్లోనూ మన దేశంలోనూ బలంగా ఉంది. అయితే ఏ సంప్రదాయాన్ని, ఎవరు, ఎంతవరకు నిలుపుకున్నారో విచారించకుండా ఆ వాదానికి విలువ కట్టలేం. ఈ విచారణకు పల్నాటి కారంపూడి తగిన క్షేత్రం.

పత్తి, మిరప చేల నడుమ నాగులేటి ఒడ్డున ఉన్న ఈ ఊరు 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి రంగస్థలం. ఏటా కార్తిక అమావాస్యతో మొదలై ఇక్కడ అయిదు రోజుల వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనేవి ఆ రోజుల పేర్లు. మందపోరు నాడు కులభేదం లేకుండా అందరూ కలిసి భుజించే చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడు దీనిని నెలకొల్పాడనీ, మాల కన్నమదాసును కుమారునిగా స్వీకరించి సేనాపతిని చేశాడనీ వీరగాథ చెబుతుంది. గాథకు లిఖితరూపం యుద్ధానికి చాలా తరువాతిది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. కనుక చాపకూడును ఒక మంత్రి చేసిన సంస్కరణగా కంటే, అటువంటి సంస్కరణను మరవకూడదనుకున్న జనుల స్మృతిగా గ్రహించడం సమంజసం.

ఆ స్మృతిని మోసినవారు ప్రధానంగా గాయకులు. 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన జీన్ రోఘేర్ గ్రంథానికి మూలం మాల గాయకుడు అలిసెట్టి గాలెయ్య పాడిన కథ. ద్విపద కర్తృత్వం గురించి జరిగినంత చర్చ ఈ గాయకుల జీవిక గురించి జరగలేదు.

స్మృతి నిలిచినంత మాత్రాన ఆచరణ విస్తరించలేదు. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. తగవు పుట్టింది తాగునీటి చెరువు వద్ద. 1991 ఆగస్టు 6న, కారంపూడి అప్పుడున్న గుంటూరు జిల్లాలోనే, చుండూరులో ఎనిమిది మంది దళితులు బలయ్యారు. సహపంక్తి భోజనాన్ని ఏటా స్మరించే సీమకు ఇవి దూరదేశపు వార్తలు కావు.

ఇగ్బో సమాజంలోనూ ఇటువంటి వైరుధ్యం కనిపిస్తుంది. దేవతలకు అంకితమైనవారన్న పేరుతో వెలికి గురైన ‘ఒసు’ వర్గాన్ని అచెబె తన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో చూపాడు. ఆ నవల వెలువడింది 1958లో. అంతకు రెండేళ్ల ముందే తూర్పు నైజీరియా ఆ భేదాన్ని చట్టం ద్వారా రద్దు చేసింది. అయినా పెళ్ళి సంబంధాల దగ్గర అది ఇంకా తలెత్తుతూనే ఉంది. అక్కడ చట్టం సంప్రదాయాన్ని దాటి ముందుకు పోయింది. పల్నాటిలో సంప్రదాయంలోని ఒక పాయ చట్టం కంటే శతాబ్దాల ముందే సమతను పలికింది. పరిరక్షణ పేరిట దానిని ఉత్సవ దృశ్యంగా మిగిల్చితే ఆ పాయ ఎండిపోతుంది.

మందపోరు పంక్తికి ఎవరు వండుతున్నారు, ఎవరు వడ్డిస్తున్నారు, ఎవరు కూర్చోకుండా వెళ్ళిపోతున్నారు అన్నది గాయక కుటుంబాల కథనాలతో పాటు ఏటేటా నమోదు చేయడం విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు వెంటనే చేపట్టదగిన పని.